అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కి ఏ ఆయిల్ ఫిల్టర్ వాడుతున్నారు?

నాన్నగారి_అంబీ (గుంటూరు)
ఆదివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారు 1984లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ ఇది. పెట్రోల్, 1489 సీసీ. ఆయన పోయాక నాలుగేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. కిందటేడు ఇంజిన్ దించి బోరింగ్ చేయించి బేరింగులు మార్పించాను. అప్పటినుంచి మూడు వేల కిలోమీటర్లు తిరిగింది.

ఇప్పుడు రెండు బాధలు పట్టుకున్నాయి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు ఆరడానికి ఆరేడు సెకన్లు పడుతోంది. ఆ ఆరేడు సెకన్లూ నా ప్రాణం గొంతులో ఉంటుంది. రెండోది, ఫిల్టర్ గిన్నె దగ్గర నూనె కారుతోంది. రాత్రి కింద అట్టముక్క పెడితే తెల్లారేసరికి రూపాయి బిళ్లంత మరక.

మా మెకానిక్ "మంచి కంపెనీ ఫిల్టర్ వేయండి సార్" అన్నాడు. షాపుకెళ్తే మూడు కంపెనీలవి, మూడు రేట్లు చెప్పి ముందు పెట్టారు. ఇంకొకాయన "ఆ గిన్నె పీకేసి, మారుతీకి ఉన్నట్టు తిప్పి బిగించే డబ్బా పెట్టించెయ్యండి, గొడవ వదులుతుంది" అన్నాడు. ఏం చేయమంటారు?

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
ఆదివారం, ఉదయం 9:25

బాబూ, కంపెనీ పేరు తర్వాత చూద్దాం. ముందు గిన్నె విప్పి ఫొటోలు పెట్టు.

ఈ బండిలో ఇనప గిన్నె ఎప్పటికీ అదే. లోపల కాగితం ఎలిమెంట్ ఒక్కటే మారుతుంది. కిందనుంచి ఒక పొడుగాటి బోల్టు గిన్నె మధ్యలోంచి పైకి వెళ్లి ఫిల్టర్ హెడ్డులో, అంటే గిన్నె మీద మూతలా ఉండే పైభాగంలో, బిగుస్తుంది. గిన్నె అంచు పోయి హెడ్డులో ఉన్న గాడిలో కూర్చుంటుంది, ఆ గాడిలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. నీ బండి కారేది అక్కడే అయ్యుంటుందని నా అనుమానం.

ఎలిమెంట్ ప్యాకెట్లో కొత్త రింగు వస్తుంది. పాత రింగు ఏళ్ల తరబడి వేడికి కాలి, నల్లగా గట్టిపడి, గాడి అడుగున ఇనుములో ఇనుములా కలిసిపోయి ఉంటుంది. బండి కింద పడుకుని చూస్తే కనపడదు. తొందరలో ఉన్న కుర్రాడు దాన్ని తీయకుండా దానిమీదే కొత్తది నొక్కేస్తాడు. రెండు రింగుల మీద గిన్నె ఏం కూర్చుంటుంది? కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు, అప్పుడు బోల్టు మరలు పోతాయి.

దబ్బనమో, సన్న సూదిమొన ఉన్నదో తీసుకుని గాడి చుట్టూ గీకు. రింగు వస్తే అదే దొంగ. గాడికి గీతలు పడకుండా చూసుకో.

జీపు_మాస్టారు (రాజమండ్రి)
ఆదివారం, ఉదయం 10:02

అంత హైరానా పడక్కర్లేదు నాయనా. నాది పాత మహీంద్రా సీజే 3బీ. ఇంజిన్ పక్కన ఫిల్టర్ డబ్బా, దానికి రెండు సన్నటి పైపులు. ఎలిమెంట్ మూడేళ్లపాటు మార్చకుండా తిరిగాను. మూసుకుపోయినట్టుంది, కానీ ప్రెషర్ ముల్లు ఒక్క గీత కూడా కదల్లేదు. ఆ కాలం ఇంజిన్లు మొండివి. ఫిల్టర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఎంజీబీ_శీను (లీసెస్టర్, ఇంగ్లండ్)
ఆదివారం, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ మీ జీపుకి చెల్లింది అంబాసిడర్‌కి చెల్లదు.

జీపులో నూనె అంతా ఫిల్టర్ గుండా వెళ్లదు. పంపు నుంచి బేరింగులకి వెళ్లే దారి వేరే ఉంది. అందులోంచి కొంచెం నూనె మాత్రం సన్న పైపులో ఫిల్టర్‌కి వచ్చి, శుభ్రపడి, తిరిగి కిందికి వెళ్లిపోతుంది. ఇంటికి వచ్చే మంచినీళ్ల పైపుకి పక్కన చిన్న కొళాయి పెట్టి బిందెలో వడకట్టుకోవడం లాంటిది. బిందె నిండి కొళాయి ఆగిపోయినా ఇంట్లోకి నీళ్లు ఆగవు. అందుకే మీ ముల్లు కదల్లేదు. ఆ మూడేళ్లూ మీ బేరింగులకి వెళ్లింది వడకట్టని నూనే.

అంబాసిడర్‌లో ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ సిరీస్ ఇంజిన్. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే 1489 సీసీ. దాని తర్వాత వచ్చిన ఎంజీబీ స్పోర్ట్స్ కారు నాది, అందులో దాన్నే 1798 సీసీకి పెంచారు. ఈ కుటుంబంలో పంపు తోసిన నూనె అంతా ముందు ఫిల్టర్‌లోకి వస్తుంది, అక్కడినుంచే క్రాంకు బేరింగులకి పోతుంది. మరి ఎలిమెంట్ మూసుకుపోతే బేరింగులు ఎండిపోవాలి కదా? అలా కాకుండా బైపాస్ వాల్వ్ ఒకటి ఉంటుంది. కాగితానికి అటూ ఇటూ ప్రెషర్ తేడా ఒక హద్దు దాటితే అది తెరుచుకుని, నూనెను వడకట్టకుండానే వదిలేస్తుంది. మురికి నూనె అయినా అసలు లేకపోవడం కంటే నయం అని.

అంబీ గారూ, మీరు ఫిల్టర్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: నా బండిలో నూనె నిజంగా కాగితం గుండానే వెళ్తోందా, పక్కదారి పడుతోందా?

జీపు_మాస్టారు (రాజమండ్రి)
ఆదివారం, మధ్యాహ్నం 1:50

బిందె ఉపమానం బాగుంది శీనూ. నలభై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పిన వాణ్ణి, ఇది తెలుసుకోకుండా తిరిగాను. ఎలిమెంట్ మార్చేస్తాను.

ఒక సందేహం. మా ఊరి మెకానిక్ "ఆ పైపులో సన్న బెజ్జం ఉంది, పెద్దది చేస్తే ఫిల్టర్ బాగా పనిచేస్తుంది" అంటాడు. చేయించనా?

ఎంజీబీ_శీను (లీసెస్టర్, ఇంగ్లండ్)
ఆదివారం, మధ్యాహ్నం 2:05

వద్దు, వద్దు! ఆ బెజ్జం కావాలనే సన్నగా పెట్టారు. పెద్దది చేస్తే బేరింగులకి వెళ్లాల్సిన నూనె ఫిల్టర్ దారిన కిందికి పోతుంది. వేడెక్కాక ఐడ్లింగులో ప్రెషర్ పడిపోతుంది. ఆయన్ని ఆ పైపు దగ్గరికి రానివ్వకండి.

తార్నాక_టర్బో (హైదరాబాద్)
ఆదివారం, సాయంత్రం 6:30

నాన్నగారి_అంబీ అన్నా, నా మాట వినండి. గిన్నె పీకేసి ఆ చోట అడాప్టర్ ముక్క పెట్టించి, స్పిన్ ఆన్ ఫిల్టర్, అదే తిప్పి బిగించే డబ్బా, వేసేయండి. గిన్నె కడగడం, రింగు గీకడం, మోచేతుల దాకా నూనె, ఇదంతా ఎందుకు? పాతది విప్పు, కొత్తది తిప్పు, పది నిమిషాల పని. అందులోనూ సింథటిక్ మీడియా (కాగితం బదులు కృత్రిమ పీచు వడపోత పొర) ఉన్నది తీసుకోండి. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) ఎంత తక్కువుంటే అంత మంచిది. బాక్సు మీద "10 మైక్రాన్" అని ఉన్నవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
ఆదివారం, సాయంత్రం 7:10

తమ్ముడూ, ఏ సైజు ఫిల్టర్ తిప్పమంటావు? ఏ మర?

పోయినేడు ఒకాయన బండి ట్రక్కు మీద వచ్చింది. అడాప్టర్‌కి ఉన్నది ముప్పావంగుళం, అంగుళానికి 16 మరలుండే యూఎన్‌ఎఫ్ రకం స్టడ్డు. షాపువాడు ఇచ్చింది 20 మిల్లీమీటర్ల, ఒకటిన్నర మిల్లీమీటర్ల పిచ్ (మరకీ మరకీ దూరం) ఉన్న డబ్బా. ముప్పావంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. రెండింటికీ తేడా మిల్లీమీటరు కూడా లేదు, పిచ్ కూడా దగ్గరదగ్గరగానే ఉంటుంది. డబ్బా ఎక్కింది. కాస్త లూజుగా అనిపించినా రబ్బరు ఆనేసరికి బిగిసినట్టే ఉంది. హైవే మీద రేజ్ చేసేసరికి డబ్బా ఊడి ఎగిరిపోయింది. ఛాంబర్లో (ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టిలో) నూనె మొత్తం రోడ్డు మీద. బండి ఆపేలోపే బేరింగులు పట్టేశాయి.

తిప్పితే ఎక్కింది కదా అని మర సరిపోయినట్టు కాదు. అడాప్టర్ తయారుచేసినవాడు చెప్పిన ఫిల్టరే వేయాలి.

విశాఖ_పద్మిని (విశాఖపట్నం)
ఆదివారం, రాత్రి 8:45

బాబాయ్ గారూ, వింటేనే ఒళ్లు జలదరించింది.

నా బండి ప్రీమియర్ పద్మిని, ఇంజిన్ వేరు. కానీ కొనే విషయంలో నా అనుభవం ఒకటి చెప్తాను. మంచి పేరున్న కంపెనీ బాక్సులో డూప్లికేట్ ఎలిమెంట్ అంటగట్టారు నాకు. షాపు పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. బాక్సు ముద్ర కాస్త మసగ్గా ఉంది, పట్టించుకోలేదు. ఆర్నెల్ల తర్వాత విప్పితే కాగితం మడతలు ఒకవైపుకి కుప్పగా జారిపోయి ఉన్నాయి, రెండోవైపు ఏమీ లేదు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. కౌంటర్ దగ్గరే బాక్సు తెరుస్తాను. మడతలన్నీ సమాన దూరంలో ఉన్నాయా, కాగితం అతుకు దగ్గర జిగురు పూర్తిగా పట్టిందా, రెండు చివర్ల మూతలకి కాగితం గట్టిగా అంటుకుందా, లోపలి చిల్లుల గొట్టం వేలితో నొక్కితే సొట్ట పడుతోందా. తర్వాత లైటుకి ఎదురుగా పెట్టి మధ్య గొట్టంలోంచి చూస్తాను. ఎక్కడైనా సూదిమొనంత వెలుగు నేరుగా కనిపిస్తే వెనక్కి ఇచ్చేస్తాను. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

పాత ఎలిమెంట్ వెంట తీసుకెళ్లండి. ఎత్తు, బయటి వ్యాసం, రెండు చివర్ల బెజ్జాలు స్కేలు పెట్టి కొలుచుకోండి. బాక్సు మీద "అంబాసిడర్" అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. పెట్రోలు, డీజిలు, తర్వాత వచ్చిన 1800 ఇసుజు, అన్నిటికీ ఆ పేరే కదా.

తార్నాక_టర్బో (హైదరాబాద్)
ఆదివారం, రాత్రి 9:20

మర విషయం ఒప్పుకుంటున్నా బాబాయ్. కానీ మైక్రాన్ సంగతి? సన్నటి జల్లెడ మంచిదే కదా?

ఎంజీబీ_శీను (లీసెస్టర్, ఇంగ్లండ్)
సోమవారం, తెల్లవారుజామున 3:10 (మీ టైము)

తమ్ముడూ, "10 మైక్రాన్" అని మాత్రం రాసి ఉంటే దానికి అర్థం లేదు. 10 మైక్రాన్ల రేణువుల్లో ఎన్నిటిని ఆపుతుంది? సగమా, నూటికి తొంభై తొమ్మిదా? సగం ఆపినా 10 మైక్రాన్ ఫిల్టర్ అని రాసుకునేవాళ్లున్నారు. నిజాయితీ ఉన్న కంపెనీ "ఇన్ని మైక్రాన్ల దగ్గర ఇంత శాతం" అని చెప్తుంది, ఏ పరీక్ష ప్రకారమో కూడా చెప్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఐఎస్‌ఓ 4548 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని 12వ భాగం. బీటా 75 అని చూస్తే 75 రేణువులు వస్తే ఒకటి దాటుతుందని అర్థం, అంటే దాదాపు 98.7 శాతం ఆపుతుంది. బీటా 2 అంటే సగం.

ఇక సన్నదనం. మనం పోసేది 20డబ్ల్యూ50, చిక్కటి నూనె. చల్లగా ఉన్నప్పుడు చిన్న ఎలిమెంట్లో మరీ సన్నటి మీడియా పెడితే ప్రెషర్ తేడా పెరిగి బైపాస్ తెరుచుకుంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో నీ 10 మైక్రాన్ కాగితం అలంకారానికే మిగులుతుంది. కాగితం వైశాల్యం ఎక్కువుండాలి. మడతలు లోతుగా, ఎక్కువగా ఉన్న మామూలు సెల్యులోజ్ (కాగితం) ఎలిమెంట్, మడతలు తక్కువున్న ఖరీదైన సింథటిక్ కంటే ఈ ఇంజిన్‌కి మేలని నా అభిప్రాయం. గాజుపీచు మీడియాలో మంచివి లేకపోలేదు. అవి ఎక్కువ మురికి పట్టుకుంటాయి, ఎక్కువ దూరం వస్తాయి. కానీ ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండికి ఆ ఎక్కువ దూరం ఎందుకు?

స్పిన్ ఆన్‌ని నేను పూర్తిగా కాదనను. అయితే అడాప్టర్ పెడితే పాత ఫిల్టర్ హెడ్డు తీసేస్తాం. బైపాస్ వాల్వ్ ఆ హెడ్డులో ఉంటే దాంతోపాటే పోయినట్టు. అప్పుడు కొత్త డబ్బాలో బైపాస్ ఉండి తీరాలి. అది ఉందో లేదో బయటికి కనపడదు, కంపెనీ కేటలాగులో చూడాల్సిందే.

రాణిగంజ్_రికార్డు (సికింద్రాబాద్)
సోమవారం, ఉదయం 11:00

శీను గారూ, యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వ్ గురించి చెప్పలేదు మీరు. అంబీ గారి లైటు ఆలస్యంగా ఆరడానికి అదే కారణం కావచ్చు కదా? రాత్రి ఫిల్టర్‌లో నూనె అంతా కిందికి దిగిపోయి, పొద్దున మళ్లీ నిండాక గానీ ప్రెషర్ రావడం లేదేమో.

ఎంజీబీ_శీను (లీసెస్టర్, ఇంగ్లండ్)
సోమవారం, సాయంత్రం 5:40

మంచి ప్రశ్న. ఆ బాధ ఎక్కువగా ఫిల్టర్ అడ్డంగానో, తలకిందులుగానో ఉన్న బండ్లకి. తర్వాతి ఎంజీబీల్లో ఫిల్టర్‌ని తలకిందులుగా పెట్టారు, నాది అదే రకం. మూతి కిందికి ఉంటే ఇంజిన్ ఆపగానే నూనె కారిపోతుంది, రబ్బరు పొర ఉన్న వాల్వ్ ఒక్కటే దాన్ని ఆపాలి. నైట్రైల్ రబ్బరు వేడికి ఏడాది రెండేళ్లలో గట్టిపడుతుంది, సిలికోన్ మెత్తగానే ఉంటుంది. నేను వెతికి మరీ సిలికోన్ ఉన్నది కొంటాను. ఎర్రగా ఉన్నదల్లా సిలికోన్ అనుకోకండి, రంగు ఎవరైనా వేస్తారు.

మీ అంబాసిడర్‌లో గిన్నె కిందికి వేలాడుతూ ఉంటుంది. చెంబులో నీళ్లలా నూనె అందులోనే ఉంటుంది. పైన గొట్టాల్లో ఉన్నది మాత్రం పంపు అరిగి ఉంటే దాని గుండా వెనక్కి జారుతుంది. కాబట్టి ఆరేడు సెకన్లకి కారణం వేరే వెతకాలి. ముందు గిన్నె విప్పండి.

నాన్నగారి_అంబీ (గుంటూరు)
మంగళవారం, రాత్రి 9:50

ఇవాళ సెలవు పెట్టి విప్పాను. ఇంజిన్ కాస్త వేడిగా ఉండగానే ఛాంబర్ డ్రెయిన్ బోల్టు విప్పి నూనె దించాను, తర్వాత గిన్నె.

బాబాయ్ గారూ, మీ నోటికి దణ్ణం. గాడిలోంచి ఒక రింగు ఊడి వచ్చింది, హమ్మయ్య అనుకున్నాను. అనుమానమొచ్చి మళ్లీ గీకితే దాని కింద ఇంకోటి! గాజుపెంకులా ముక్కలు ముక్కలుగా వచ్చింది. టార్చిలైటు వేసినా అది గాడి అడుగు అనే అనుకున్నాను. ఆ రెండూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో జత చేశాను.

అసలు వింత ఇంకోటుంది. గిన్నెలో ఎలిమెంట్ తప్ప ఏమీ లేదు. ఎలిమెంట్ గిన్నెలో గిలక్కాయలా ఆడుతోంది. ఇలాగే ఉంటుందా?

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
మంగళవారం, రాత్రి 10:05

స్ప్రింగు లేదా? ప్లేటు లేదా?? మళ్లీ చూడు బాబూ. గిన్నె అడుగున నల్ల బురద కింద అంటుకుని ఉంటాయి ఒక్కోసారి.

నాన్నగారి_అంబీ (గుంటూరు)
మంగళవారం, రాత్రి 10:20

కిరోసిన్ పోసి కడిగాను. లేవు. బోల్టు, దాని తల దగ్గర ఒక ఫైబర్ వాషరు, గిన్నె, ఎలిమెంట్. అంతే.

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
మంగళవారం, రాత్రి 10:55

అయితే నువ్వు మూడు వేల కిలోమీటర్లు ఫిల్టర్ లేకుండానే తిరిగావు. ఫిల్టర్ ఉంది, కానీ నూనె దాన్ని ముట్టుకోకుండా పోయింది.

బోల్టు మీద వరస ఇలా ఉండాలి, కిందనుంచి పైకి: బోల్టు తల, దాని వాషరు, గిన్నె అడుగు, స్ప్రింగు, ఇనప వాషరు, ఫెల్టు (అదిమిన ఉన్ని) వాషరు, ప్రెషర్ ప్లేటు. ఆ ప్లేటు మీద ఎలిమెంట్ కూర్చుంటుంది. స్ప్రింగు ఆ ప్లేటుని పైకి తోస్తుంటే ఎలిమెంట్ పైచివర హెడ్డుకి, కిందిచివర ప్లేటుకి గట్టిగా ఆనుతుంది. అప్పుడు నూనెకి కాగితం తప్ప వేరే దారి ఉండదు. ఆ ఫెల్టు వాషరు చూడ్డానికి పైసా విలువ చేయదు, కానీ అది బోల్టుకి బిగుతుగా పట్టి ఉండాలి. వదులైతే నూనె బోల్టు వెంబడే పాక్కుంటూ శుభ్రమైన వైపుకి వెళ్లిపోతుంది.

నీ బండిలో ఇవేవీ లేవు. ఎలిమెంట్ కింద సందు, పైన సందు. నూనె అడ్డదారిన పోయింది. నువ్వు బంగారు ఎలిమెంట్ వేసినా అంతే, వార్తాపత్రిక చుట్టి పెట్టినా అంతే. ఓవర్‌హాల్ చేసినవాళ్లు కడగడానికి విప్పి, తిరిగి పెట్టడం మర్చిపోయి ఉంటారు.

విశాఖ_పద్మిని (విశాఖపట్నం)
మంగళవారం, రాత్రి 11:10

ఓవర్‌హాల్ తర్వాత పాత సామాను గోనెసంచిలో వేసి ఇస్తారు కదండీ. ఒకసారి వెతకండి. మావాళ్లు అలా ఇచ్చిన సంచిలో నాకు ఒక స్క్రూడ్రైవరు, సగం తాగిన బీడీకట్ట కూడా దొరికాయి.

ఆటోనగర్_లేత్ (విజయవాడ)
బుధవారం, ఉదయం 7:15

దొరక్కపోతే కంగారు పడకండి సార్. ప్లేటు, ఇనప వాషరు లేత్ మీద గంటలో తీయొచ్చు. బోల్టు వ్యాసం వెర్నియర్‌తో కొలిచి పంపండి. ఫెల్టుకి బదులు నూనెకి తట్టుకునే నైట్రైల్ షీటు నుంచి వాషరు కోయొచ్చు. సైకిల్ ట్యూబు మాత్రం వద్దు, నూనెకి ఉబ్బి జిగురైపోతుంది. స్ప్రింగు మాత్రం సొంతంగా చేయించకండి, పాత అంబాసిడర్ గిన్నె దొరికితే దాంట్లోంచే తీసుకోండి. గట్టి స్ప్రింగు పెడితే ఎలిమెంట్ నలిగిపోతుంది, మెత్తదైతే పట్టు ఉండదు.

జీపు_మాస్టారు (రాజమండ్రి)
బుధవారం, ఉదయం 8:30

ఇక్కడ మాటలు చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. 1923లో అమెరికాలో స్వీట్‌లాండ్, గ్రీన్‌హాల్ అనే ఇద్దరు కలిసి కార్లకి ఆయిల్ ఫిల్టర్ తెచ్చారు. దానికి పెట్టిన పేరు ప్యూరొలేటర్, "ప్యూర్ ఆయిల్ లేటర్" అన్న మాటల్ని కలిపేసి చేసిన పేరు. మన షాపుల్లో కనిపించే పేరు అదే. తిప్పి బిగించే డబ్బా వచ్చింది 1954లో, విక్స్ అనే ఫిల్టర్ కంపెనీ వాళ్లది. మరి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి కాగితం ఫిల్టరే లేదు, అడుగున ఇనప జల్లెడ ఒక్కటే. అది ఎలా బతికిందయ్యా?

రాణిగంజ్_రికార్డు (సికింద్రాబాద్)
బుధవారం, ఉదయం 9:40

నూనె తరచుగా మార్చి బతికించారు మాస్టారూ. బీటిల్‌కి పట్టేది రెండున్నర లీటర్లే, మూడు వేల మైళ్లకి పారబోయమన్నారు. ఫిల్టర్ పని నూనె మార్పుతో చేయించారు.

మొదట్లో ఎంజీబీ పుస్తకంలో కూడా నూనె 3,000 మైళ్లకి, ఫిల్టర్ 6,000 మైళ్లకి అని ఉండేది. నాది అంబాసిడర్ మార్క్ 2. నేను ఏడాదికి ఎనిమిది వందల కిలోమీటర్లు కూడా తిరగను, అయినా ఏటా వర్షాలు తగ్గాక నూనె, ఎలిమెంట్ రెండూ మార్చేస్తా. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. తేమ, పెట్రోలు ఆవిరి నూనెలోనే మిగిలిపోతాయి. తిరక్కుండా ఉంచితే నూనె పాడవదనుకోవడం మన భ్రమ.

తార్నాక_టర్బో (హైదరాబాద్)
బుధవారం, మధ్యాహ్నం 12:20

ఎలిమెంట్‌ని పెట్రోలుతో కడిగి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చని ఒక వీడియోలో చూశాను. అడుగుతున్నానంతే, తిట్టకండి.

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
బుధవారం, మధ్యాహ్నం 12:50

తిట్టను. ఇనప జల్లెడని కడుగు. కాగితాన్ని కడిగితే మడతల్లో మురికి ఇంకా లోపలికి దిగుతుంది, జిగురు వదులుతుంది. ఒక ఎలిమెంట్ ఖర్చు, ఒక బేరింగు సెట్టు ఖర్చు పక్కపక్కన రాసుకుని చూడు.

నాన్నగారి_అంబీ (గుంటూరు)
శుక్రవారం, రాత్రి 8:15

విశాఖ_పద్మిని గారూ, మీకు పూతరేకులు బాకీ. గోనెసంచిలోనే ఉన్నాయి! స్ప్రింగు, ప్లేటు, ఇనప వాషరు మూడూ ఒక తీగకి గుచ్చి ఉన్నాయి. అంటే ఎవరో జాగ్రత్తగానే తీసి పెట్టారు, తర్వాత అక్కడే మర్చిపోయారు. ఏడాదిగా ఆ సంచి మా షెడ్డులో బండికి రెండడుగుల దూరంలో ఉంది. ఫెల్టు వాషరు చిరిగిపోయి ఉంది, ఆటోనగర్_లేత్ గారు నైట్రైల్‌ది కోసి బస్సులో పంపారు. డబ్బులు తీసుకోనన్నారు.

ఇవాళ అంతా బిగించాను. గాడి శుభ్రం చేసి ఒక్క రింగు పెట్టాను, కొత్త నూనె వేలితో రాసి. బోల్టుకి టార్క్, అంటే బిగింపు బలం, ఎంత? శీను గారు చెప్తారని ఆగాను. ప్రస్తుతానికి చేత్తో ఆనించి ఉంచాను.

ఎంజీబీ_శీను (లీసెస్టర్, ఇంగ్లండ్)
శుక్రవారం, రాత్రి 9:30

నా ఎంజీబీ పుస్తకంలో 15 పౌండ్ అడుగులు, అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు. ఇది ఎక్కువేం కాదు, పొట్టి పానాతో మణికట్టు బలం. బోల్టు బిగిస్తూ గిన్నెని రెండో చేత్తో అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుండండి. అంచు గాడిలో సరిగ్గా దిగిందో లేదో చేతికి తెలుస్తుంది.

వెంటనే స్టార్ట్ చేయకండి. ఈ ఇంజిన్ల పంపు విప్పి బిగించాక ఒక్కోసారి గాలి పట్టి నూనె లాగదు. కాయిల్ వైరు తీసేసి, లైటు ఆరేదాకా ఉత్త సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి, కాసేపు ఆగి, మళ్లీ. బ్యాటరీ బాగా ఛార్జ్ చేసి మొదలుపెట్టండి. వీలైతే లైటుని నమ్ముకోకుండా ఒక మెకానికల్ గేజీ పెట్టించండి. లైటు అయిదారు పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గరే ఆరిపోతుంది. అది ఆరిందంటే ప్రెషర్ బొత్తిగా లేకుండా లేదని మాత్రమే.

నాన్నగారి_అంబీ (గుంటూరు)
ఆదివారం, సాయంత్రం 4:40

గేజీ పెట్టించాను. నిన్న రాత్రి బండి ఆపి, ఇవాళ పొద్దున స్టార్ట్ చేస్తే మూడు సెకన్లలో లైటు ఆరింది. చల్లగా ఉన్నప్పుడు 60 పీఎస్‌ఐ. నంబూరు దాకా వెళ్లొచ్చాక, వేడి మీద, రోడ్డు మీద 50కి కొంచెం అటూ ఇటూ, ఐడ్లింగులో 18. అట్టముక్క మీద మరక లేదు. మా అమ్మ వచ్చి ఆ అట్ట చూసి "పోనీలే, నీ డ్యూటీ అయింది" అని తీసి పారేసింది.

మూడు కంపెనీల్లో చివరికి మధ్య రేటుది కొన్నాను, లైటుకి ఎదురుగా పెట్టి చూసి మరీ. షాపాయన "ఏంటి సార్, గుడ్లు చూస్తున్నారా" అన్నాడు.

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
ఆదివారం, సాయంత్రం 5:30

50, 18 అంటే ఈ ఇంజిన్‌కి బాగున్నట్టే. ఆ మూడు సెకన్లు పంపు వయసు, దాన్ని పట్టించుకోకు.

కానీ ఒక పని మిగిలింది. పాత ఎలిమెంట్ పారేయలేదు కదా? హ్యాక్సా పెట్టి కోయకు, రంపం పొడే అందులో పడి కంగారు పెడుతుంది. బ్లేడుతో కాగితం రెండు చివర్ల దగ్గర కోసి, మడతలు విప్పి, తెల్లకాగితం మీద పిండి ఆరబెట్టు. అయస్కాంతం ఆడించు. అంటుకునేది ఇనుము, కొత్తగా బోరింగ్ అయిన ఇంజిన్లో కొంచెం ఉంటుంది. అంటుకోకుండా రాగిరంగులో మెరిసేది ఉంటే బేరింగు. ఫొటో పెట్టు. ఈ ఒక్కసారికి 500 కిలోమీటర్లు తిరగ్గానే నూనె, ఎలిమెంట్ ముందే మార్చేయి. ఇన్నాళ్లూ వడకట్టకుండా తిరిగిన మురికి గొట్టాల్లో ఉంటుంది, అది ఇప్పుడు వచ్చి కాగితంలో పడుతుంది.

నాన్నగారి_అంబీ (గుంటూరు)
ఆదివారం, రాత్రి 8:05

ఫొటో పెట్టాను. అయస్కాంతానికి బూజులా కొంచెం అంటుకుంది. రాగిరంగు నాకైతే ఎక్కడా కనపడలేదు. మీరొకసారి పెద్దది చేసి చూడండి.

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
ఆదివారం, రాత్రి 8:40

చూశాను. హాయిగా పడుకో.

కొత్తపల్లి_డీజిల్ (కరీంనగర్)
సోమవారం, ఉదయం 10:10

అన్నలూ, నాది అంబాసిడర్ డీజిల్. ఇదే ఎలిమెంట్ దానికి కూడా పడుతుందా?

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)
సోమవారం, ఉదయం 10:30

డీజిల్ సంగతి వేరు, మసి వేరు, నూనె వేరు. కొత్త చర్చ మొదలుపెట్టు తమ్ముడూ, అక్కడికే వస్తాను. వచ్చేముందు గిన్నె విప్పి, లోపల స్ప్రింగు ఉందో లేదో చూసి రా.